వెన్నెలతో పందెం వేసిన వీధిదీపం

పోయిన సంచికలో పాత లాంతర్ల బొమ్మల గురించి రెండు పేరాలు రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కరెంటు దీపం గురించే అడిగాయి. నాకూ ఇష్టమైన విషయమే. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, కరెంటు దీపం కొత్తగా వచ్చిన రోజుల్లో దాన్ని చూసి కళాకారులు ఏం చేశారన్న ప్రశ్నలకే జవాబులు రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫైనార్ట్స్ చదువుతున్నాడు. ఫైనలియర్ ప్రాజెక్టుకి "వీధి లైటు" గీస్తానంటున్నాడు. దేవుళ్ళూ మనుషులూ ప్రకృతీ ఇన్ని ఉండగా స్తంభం మీద లైటు గీయడం ఏంటండీ? నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ వాడు ఏ బొమ్మ చూసి ఆ మాట అన్నాడో నాకు దాదాపు తెలిసిపోయిందండీ. ఇటలీ చిత్రకారుడు జాకొమో బాల్లా వేసిన "వీధిదీపం" అయ్యుంటుంది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, అంటే మనిషి నిలువంత. అంత కాన్వాసులో మనిషి లేడు, ఇల్లు లేదు, బండి లేదు. ఒక ఇనుప స్తంభం, దాని మీద వెలుగుతున్న దీపం, అంతే.

ఫోన్లో ఆ బొమ్మ తెరిచి దీపం దగ్గర వేళ్ళతో పెద్దది చేసి చూడండి. నడిమధ్యన తెల్లగా మండుతూ ఉంటుంది. అక్కడి నుంచి వెలుగు చిన్న చిన్న గీతలుగా విడిపోయి బయటికి దూకుతుంది, ప్రతి గీతా మధ్యలో మడత పడి, దూరంగా ఎగిరే పక్షిని పిల్లలు ఎలా గీస్తారో అలా ఉంటుంది. దీపానికి దగ్గర్లో పసుపు, కాస్త జరిగితే ఎరుపూ ఆకుపచ్చా, అంచుల్లో నీలం, ఊదా, ఆ తర్వాత చీకటి. రంగుల్ని పళ్ళెంలో కలిపేస్తే మురికిగా మారతాయని డ్రాయింగ్ క్లాసుకి వెళ్ళిన ఏ పిల్లాడైనా చెప్తాడు. కలపకుండా పక్కపక్కన పెడితే మాత్రం దూరం నుంచి చూసేవాడి కన్నే వాటిని కలుపుకుంటుంది, మెరుపు చావదు. తెల్లటి వెలుగులో అన్ని రంగులూ ఉంటాయని మనం బళ్ళో చదువుకున్నదాన్ని బాల్లా గీతగీతా విడదీసి చూపించాడు.

ఇప్పుడు పై మూలకి రండి. అక్కడ ఒక నెలవంక ఉంది, ఆ దీపం వెలుగులో పాలిపోయి, ఎవరూ పట్టించుకోని చుట్టంలా. బొమ్మ ప్రాణమంతా ఆ మూలలోనే ఉంది. 1909లో మారినెట్టి అనే ఇటలీ కవి వెన్నెలని చంపేద్దాం రండి అంటూ ఒక ప్రకటన రాశాడు. కవులు వందల ఏళ్ళుగా చంద్రుణ్ణి పట్టుకుని వేలాడుతున్నారు, ఇక యంత్రాల కాలం వచ్చింది, కొత్త అందం వెతుక్కుందాం అన్నది వాళ్ళ గుంపు వాదన. బాల్లా ఆ గుంపులో చేరాడు. కాన్వాసు మీద 1909 అనే రాసి ఉన్నా, మ్యూజియం వాళ్ళు మాత్రం ఇది 1910, 1911 ప్రాంతంలో వేసిందని అంటారు. ముసలితనంలో, 1954లో, ఆ మ్యూజియంకి రాసిన ఉత్తరంలో బాల్లా ఇలా చెప్పుకున్నాడు, వెన్నెల కంటే ఈ కొత్త వీధిదీపమే గొప్పదని చూపించడానికి ఆ బొమ్మ వేశానని.

నాకు వెన్నెల ఇష్టం, ఆ విషయంలో బాల్లాతో నేను ఒప్పుకోను. కానీ ఆయన చేసిన పని ఎంత పెద్దదో చూడండి. అప్పటిదాకా దీపం అంటే దాని వెలుగులో ఇంకేదో చూడటానికి, ఒక ముఖమో, పుస్తకమో, పురిటి పిల్లాడో. ఆయన దీపం వైపే తిరిగి నిలబడ్డాడు. కళ్ళు జిగేల్‌మనే దాన్ని కళ్ళార్పకుండా చూసి, ఆ జిగేల్‌నే బొమ్మ చేశాడు. వెలుగంటే ఆయనకి ఎంత పిచ్చంటే, పెద్ద కూతురికి లూచే అని పేరు పెట్టుకున్నాడు, ఇటాలియన్‌లో వెలుగు అని అర్థం. రెండో అమ్మాయి పేరు ఎలికా, అంటే విమానానికి ఉండే ప్రొపెల్లర్!

ఇంకో సంగతి, ఆయన గీసింది మనం ఎరిగిన బల్బు కాదు, ఆర్క్ దీపం. రెండు బొగ్గు కడ్డీల కొనలు ఒకదానికొకటి తాకించి, కరెంటు పారుతుండగా కొంచెం ఎడం చేస్తే, ఆ సందులో వెల్డింగ్ షాపులో కనబడే లాంటి తెల్లటి మంట పుడుతుంది. ఇళ్ళల్లో పెట్టుకుంటే కళ్ళు పోతాయి, అందుకే వీధుల్లో ఎత్తుగా వేలాడదీశారు. కడ్డీలు అరిగిపోతుంటాయి కాబట్టి ఎవరో ఒకరు వచ్చి మార్చాల్సిందే. ఆ గీతలు అంత పదునుగా ఎందుకున్నాయో, వెల్డింగ్ వైపు పొరపాటున చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మీ వాణ్ణి ఆపకండి. మన ఊళ్ళల్లోనూ ఈమధ్య పసుపుపచ్చ సోడియం లైట్లు పోయి తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాయి, రాత్రి వీధి రంగే మారిపోయింది. దాన్ని ఎవరైనా గీయాలి కదా. పాత లైటు ఇంకా మిగిలిన సందు ఒకటి వెతుక్కుని, రెండూ పక్కపక్కన గీయమని నా మాటగా చెప్పండి.

ప్రశ్న: వాన్ గోగ్ రాత్రి బొమ్మల్లో నీళ్ళ మీద పొడుగ్గా పడే దీపాలు కరెంటువేనా? – ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: కాదమ్మా. నువ్వు చెప్తున్నది 1888లో ఆర్ల్ ఊళ్ళో రోన్ నది ఒడ్డున వేసిన బొమ్మ. అవి గ్యాసు దీపాలు. అందుకే అంత వెచ్చటి బంగారు రంగు.

గ్యాసుకీ కరెంటుకీ తేడా ఒకే బొమ్మలో చూడాలంటే కమీల్ పిస్సారో దగ్గరికి వెళ్ళాలి. 1897లో ఆయన పారిస్‌లో బులవార్ మోంమార్త్ అనే పెద్ద వీధి పక్కన హోటల్లో గది తీసుకుని, కిటికీలోంచి ఒకే వీధిని మళ్ళీ మళ్ళీ గీశాడు, పొద్దున, మధ్యాహ్నం, వానలో, మంచులో. కంటి జబ్బు వల్ల బయట గాలిలో నిలబడి గీయలేని పరిస్థితి ఆయనది. ఆ వరుసలో రాత్రి బొమ్మ ఒక్కటే ఉంది. లండన్ నేషనల్ గ్యాలరీలో చూడొచ్చు. వీధి మధ్యలో వరుసగా నీలం కలిసిన తెల్లటి చుక్కలు, అవి కొత్తగా వచ్చిన కరెంటు దీపాలు. రెండు పక్కలా దుకాణాల అద్దాల్లోంచి నారింజ, పసుపు, అది గ్యాసు. కింద వాన తడిలో రెండూ కలిసిపోయి కారుతూ ఉంటాయి. పాతదీ కొత్తదీ ఒకే రోడ్డు మీద వెలిగిన ఆ కొద్ది కాలం అలా దొరికిపోయింది. విచిత్రం ఏంటంటే ఆ బొమ్మ మీద ఆయన సంతకం కూడా చేయలేదు, బతికుండగా ఎక్కడా ప్రదర్శనకి పెట్టలేదు. నాకు మాత్రం ఆ వరుస మొత్తంలో అదే నచ్చుతుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళింట్లో రంగురంగుల గాజు ముక్కలతో చేసిన టేబుల్ ల్యాంపు ఉంది. టిఫనీ ల్యాంపు అంటారట, అసలుది కాదు, నకలు. అసలుది లక్షల్లో ఉంటుందని అల్లుడు గారు అన్నారు. గాజు ముక్కలకి అంత ధర దేనికండీ? – గృహిణి, విజయవాడ

జవాబు: లక్షలు కాదమ్మా, మంచివాటికి కోట్లు కూడా పలుకుతుంది. ధర సంగతి వదిలేయండి, దాని వెనక ఒకావిడ కథ ఉంది, అది చెప్తాను.

న్యూయార్క్‌లో లూయీ కంఫర్ట్ టిఫనీ అనే ఆయనకి రంగు గాజు కార్ఖానా ఉండేది. చర్చి కిటికీలకి గాజు బొమ్మలు చేసేవాళ్ళు. కరెంటు దీపం ఇళ్ళల్లోకి వచ్చేసరికి అదే గాజుతో ల్యాంపు షేడ్లు మొదలుపెట్టారు. ఇక్కడ ఒక చిన్న కిటుకు చూడండి. నూనె దీపం గానీ కిరసనాయిలు లాంతరు గానీ, మంట ఎప్పుడూ పైకే లేస్తుంది, తలకిందులు చేయలేం. బల్బుని ఎటైనా తిప్పొచ్చు, తల కిందికి పెట్టి వేలాడదీయొచ్చు. పైగా పొగ లేదు, మసి లేదు. దాంతో షేడుకి కిందికి వంగే పువ్వు రూపం ఇవ్వడం మొదటిసారి సులువైంది. విస్టీరియా అని ఒక తీగ ఉంటుంది, ద్రాక్ష గుత్తుల్లా ఊదా రంగు పూలు వేలాడతాయి. ఆ పేరుతో వచ్చిన ల్యాంపులో దాదాపు 2000 గాజు ముక్కలు ఉంటాయి. ప్రతి ముక్కనీ విడిగా కోసి, అంచు చుట్టూ పల్చటి రాగి రేకు అంటించి, చెక్క అచ్చు మీద పేర్చి, సీసం కలిసిన లోహంతో అతుకు వేస్తారు. ఏ ముక్క ఏ రంగు గాజులోంచి, అందులోనూ ఏ మచ్చ దగ్గర కోయాలన్నది చేయి తిరిగినవాళ్ళకే తెలిసే పని.

ఆ ల్యాంపు రూపం గీసింది క్లారా డ్రిస్కాల్. తూనీగల ల్యాంపు కూడా ఆవిడదే, 1900లో పారిస్ ప్రదర్శనలో దానికి బహుమతి వచ్చింది. గాజు కోసే ఆడవాళ్ళ విభాగానికి ఆవిడే పెద్ద. కానీ ల్యాంపులన్నీ టిఫనీ పేరు మీదే అమ్ముడుపోయాయి, వంద ఏళ్ళ పాటు అవన్నీ ఆయన గీసినవే అని లోకం అనుకుంది. ఆవిడ తల్లికీ అక్కచెల్లెళ్ళకీ రాసుకున్న ఉత్తరాల కట్టలు బయటపడి, 2007లో న్యూయార్క్‌లో వాటి ఆధారంగా ప్రదర్శన పెడితే గానీ అసలు సంగతి జనానికి తెలియలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ కార్ఖానాలో పెళ్ళైన ఆడవాళ్ళని పనిలో ఉంచుకునేవాళ్ళు కాదు. క్లారా మొదటి పెళ్ళికి ఉద్యోగం మానేసింది, భర్త పోయాక తిరిగి వచ్చింది, 1909లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నప్పుడు శాశ్వతంగా వెళ్ళిపోయింది. అంత చేయి తిరిగిన మనిషి! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మీ అమ్మాయి ఇంట్లో ఉన్నది నకలైనా, సాయంత్రం గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి అది ఒక్కటీ వేసి చూడమనండి.

ప్రశ్న: బల్బుని థీమ్‌గా పెట్టుకుని ఎవరైనా డ్రెస్ డిజైన్ చేశారా? – ఫ్యాషన్ డిజైన్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: 1883లోనే చేశారు. ఆ ఏడాది మార్చి 26న న్యూయార్క్‌లో వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుల ఇంట్లో వేషాల విందు జరిగింది. ఆ కుటుంబం కోడలు ఆలిస్ వాండర్‌బిల్ట్ "కరెంటు దీపం" వేషంలో వచ్చింది. పారిస్‌లో వర్త్ దుకాణంలో కుట్టించిన పట్టు గౌను, దాని మీద జరీతో మెరుపు తీగలు, చేతిలో నిజంగా వెలిగే దీపం, దానికి బ్యాటరీ బట్టల్లో దాచిపెట్టారు. న్యూయార్క్‌లో ఎడిసన్ కరెంటు కేంద్రం మొదలై అప్పటికి ఏడు నెలలు కూడా నిండలేదు. గౌను ఇప్పటికీ ఆ నగరం మ్యూజియంలో ఉంది. ఆ గౌనులో ఆవిడ దీపం పైకెత్తి నిలబడిన ఫొటో కూడా దొరుకుతుంది, మెరుపు కుట్టు ఎలా నడిపారో గమనించు బాబూ.

ప్రశ్న: నేను పిల్లలకి కూచిపూడి నేర్పిస్తాను. స్టేజీ లైటింగ్ ఎక్కువైతే నాట్యం వెనక్కి పోతుందని మా గురువుగారు అనేవారు. లైటింగే నాట్యంగా చేసినవాళ్ళు ఉన్నారా? – నాట్యాచార్యురాలు, గుంటూరు

జవాబు: ఉన్నారండీ, లోయీ ఫుల్లర్. అమెరికాలో పుట్టి, 1892లో పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ వేదిక మీద ఒక్కసారిగా పేరు తెచ్చుకుంది. ఒంటి చుట్టూ గజాల కొద్దీ తెల్లటి పట్టు బట్ట, లోపల చేతుల్లో పొడుగాటి కర్రలు, వాటితో బట్టని తిప్పుతూ సుడులు చేస్తుంది. పక్కల నుంచీ, కింద అమర్చిన అద్దంలోంచీ రంగు రంగుల కరెంటు దీపాలు ఆ బట్ట మీద పడతాయి. ఆవిడ ఒకసారి పువ్వు, ఒకసారి మంట, ఒకసారి సీతాకోకచిలుక. కాళ్ళ పని, ముఖాభినయం అంతంత మాత్రమే, కాబట్టి మీ గురువుగారి మాటకి అడ్డం చెప్పే సాహసం నేను చేయను. కానీ దీపాలు వేసేవాళ్ళకి కూడా ఆవిడే తాళం నేర్పింది, ఏ సుడికి ఏ రంగు రావాలో లెక్క ఉండేది. అంటే వెలుగుని కూడా ఒక నర్తకిలా ఆడించింది.

తూలూజ్ లోత్రెక్ అనే చిత్రకారుడు 1893లో ఆవిడ నాట్యాన్ని అచ్చు బొమ్మగా వేశాడు. సుమారు 60 కాపీలు తీసి, ఒక్కొక్కదానికీ రంగులు మార్చాడు, కొన్నింటి మీద బంగారు, వెండి పొడి అద్దాడు. మనిషి ముఖం దాదాపు కనబడదు, పొగ మబ్బులా ఒక ఆకారం లేస్తూ ఉంటుంది.

మన వీధి భాగవతాల్లో పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి కొట్టి భగ్గుమనిపించేవాళ్ళు కదా. వెలుగుతో ఒళ్ళు జలదరింపజేయడం మనవాళ్ళకి కరెంటు రాకముందే తెలుసు. మీ పిల్లలకి ఈ రెండూ కలిపి చెప్పండి.

ప్రశ్న: ఆముదం దీపం పోయి బల్బు వచ్చాక తోలుబొమ్మలాట అందం పోయిందని మా తాతగారు బాధపడేవారు. నిజమేనా? – ప్రభుత్వ ఉపాధ్యాయుడు, ధర్మవరం

జవాబు: మీ తాతగారు చూసి చెప్పిన మాట అండీ, కాదనలేను. తెర వెనక నూనె దీపం ఉంటే మంట కదులుతూ ఉంటుంది, ఆ కదలికకి బొమ్మ ఊరికే నిలబడి ఉన్నా ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది. బల్బు వెలుగు కదలదు, దాంతో ఆడించేవాడి చేతి మీద భారం పెరిగింది. కానీ అదే బల్బు ఆ కుటుంబాలకి ఇంకో దారి కూడా చూపించింది. మీ దగ్గర్లోని నిమ్మలకుంటలోనే చూడండి, తోలు మీద అదే రంగులు, అదే చిల్లుల పనితో ల్యాంపు షేడ్లు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

నా దగ్గర అలాంటి షేడు ఒకటి ఉంది. పగలు చూస్తే మామూలు తోలు, రంగులు కూడా కాస్త మందంగా కనిపిస్తాయి. స్విచ్ వేయగానే తోలు తేనె రంగుకి తిరుగుతుంది, ఎరుపు నెత్తురులా పాకుతుంది, నగలు ఉన్న చోటల్లా ఉలితో కొట్టిన చిల్లుల్లోంచి సన్నటి చుక్కలు గోడ మీద పడతాయి. హనుమంతుడి తోక మీద ఉన్న చిల్లుల్ని ఒకసారి లెక్కపెట్టబోయి యాభై దాటాక వదిలేశాను. అది ఆటకి సాటి వస్తుందని నేను అనను. అయినా ఆ చేతిపని మన కళ్ళ ముందు బతికి ఉంది.

ప్రశ్న: వచ్చే వేసవికి కుటుంబంతో పారిస్, మాడ్రిడ్ వెళ్తున్నాం. మీరు రాసే ఈ దీపాల బొమ్మలు అక్కడ ఏమున్నాయి? మ్యూజియంలంటే మా పిల్లలకి బోరు, ఒకటి రెండు చెప్పండి చాలు. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, లండన్

జవాబు: సోనియా డెలొనే 1914లో వేసిన "కరెంటు పట్టకాలు" చూడమని చెప్పేవాణ్ణి, పారిస్ వీధిలో కొత్త దీపాల చుట్టూ కనబడే రంగుల వలయాలే ఆ బొమ్మంతా. కానీ అది ఉండే పాంపిడూ సెంటర్‌ని మరమ్మతుల కోసం 2025లో మూసేశారు. కాబట్టి రెండే రెండు చెప్తాను, రెండూ ఒకే ఏడాదివి, ఒకే ప్రదర్శన కోసం పుట్టినవి.

1937లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ కరెంటుకి ఒక ప్రత్యేక భవనం కట్టి, దాని గోడకి బొమ్మ వేయమని పారిస్ కరెంటు కంపెనీ రావుల్ డుఫీని అడిగింది. ఆయన 250 ప్లైవుడ్ పలకల మీద, 10 మీటర్ల ఎత్తు, 60 మీటర్ల పొడవున "విద్యుత్ దేవకన్య" అనే బొమ్మ వేశాడు. అందులో 110 మంది శాస్త్రవేత్తలూ ఆలోచనాపరులూ ఉన్నారు. కుడి నుంచి ఎడమకి చదువుకోవాలి, కుడి చివర అరిస్టాటిల్, ఆర్కిమిడీస్‌తో మొదలై, వోల్టా, ఫారడే, ఎడిసన్, మేరీ క్యూరీ ఇలా సాగుతుంది. మధ్యలో కరెంటు కేంద్రం, దాని మీద దేవతలు కొలువుతీరి, ఒక పిడుగు వాళ్ళనీ యంత్రాలనీ కలుపుతుంది. ఎడమ చివర రాత్రి నగరం, వాద్యబృందం, వాళ్ళ మీదుగా ఎగిరిపోతున్న దేవకన్య. ఇప్పుడది పారిస్ నగర ఆధునిక కళా మ్యూజియంలో ఉంది, అక్కడి శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. పిల్లలకి బోరు కొట్టదు, మాది హామీ. ఎడిసన్‌ని ముందు ఎవరు పట్టుకుంటారో అని పందెం పెట్టండి. గది నాలుగు వైపులా రంగులు తేలుతుంటాయి, నేల మీద కూర్చుని చూడండి.

అదే ప్రదర్శనలో, స్పెయిన్ దేశం భవనంలో, పికాసో వేసిన "గెర్నికా" పెట్టారు. ఆ ఏప్రిల్ 26న గెర్నికా ఊరి మీద విమానాలు బాంబులు వేశాయి, దాన్ని గురించిన బొమ్మ. అది ఇప్పుడు మాడ్రిడ్‌లో రీనా సోఫియా మ్యూజియంలో ఉంది. తెలుపు, నలుపు, బూడిద రంగులు తప్ప ఏమీ లేవు. పై భాగంలో, గుర్రం తల మీద, కన్ను ఆకారంలో ఒకటి కనిపిస్తుంది, కంటిపాప ఉండాల్సిన చోట బల్బు. పికాసో ఆ బొమ్మ వేస్తున్నప్పుడు డోరా మార్ అనే ఫొటోగ్రాఫర్ దశలవారీగా ఫొటోలు తీసింది. వాటిలో ముందు అక్కడ పైకెత్తిన పిడికిలి, దాని వెనక సూర్యుడు ఉండేవాడు. మారుతూ మారుతూ చివరికి సూర్యుడి చోట బల్బు వచ్చింది. స్పానిష్‌లో బల్బుని బొంబీయా అంటారు, బాంబుని బొంబా అంటారు.

ఒక భవనంలో దేవతలు తెచ్చిన కరెంటు, ఇంకో భవనంలో ఈ బల్బు. కొన్ని నెలల పాటు జనం ఒకే రోజున రెండూ చూసి ఇంటికెళ్ళారు. మీరు మాడ్రిడ్‌లో ఆ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు బల్బు దగ్గరే ఆగిపోకండి, కొంచెం కుడికి చూడండి. కిటికీలోంచి ఒకావిడ ఒళ్ళంతా బయటికి వంచి, పొడుగ్గా చెయ్యి చాపి, ఒక చిన్న నూనె దీపాన్ని ఆ బల్బు పక్కకే తెచ్చి పట్టుకుని ఉంటుంది.